పళ్లు విరిగిన స్విస్ సంగీత పెట్టె: బాగు చేయించాలా, అలాగే ఉంచాలా?

జెనీవా_తెలుగు: ఇక్కడ ప్లెన్‌పాలె సంతలో ఒక పాత సంగీత పెట్టె కొన్నాను. పక్కన లీవరుతో కీ ఇచ్చే రకం, ఆరు పాటలు. తయారీదారు పేరు ఎక్కడా లేదు. సాంత్‌క్రువా అనే, సంగీత పెట్టెలకు పేరుపడ్డ స్విస్ ఊళ్లో చేసిందే అయ్యుంటుందని అమ్మినాయన మాట. తిరిగే సిలిండర్ మీది పిన్నులు ఉక్కు దువ్వెన పళ్లను మీటితే పాట మోగుతుంది. ఆ దువ్వెనలో రెండు పళ్ల కొసలు పోయాయి, సిలిండర్ మీద ఒకచోట పిన్నులు వరసగా ఒరిగిపోయాయి, మంద్ర స్వరాల దగ్గర కీచుమంటోంది. రిపేరు చేసే ఒకాయన పిన్నులన్నీ కొత్తవి వేసి, చెక్కకు పాలిష్ కొట్టి మెరిపించి ఇస్తానంటున్నాడు. అడిగిన డబ్బు నేను కొన్నదానికి రెట్టింపు. పాత వస్తువులు అమ్మే ఇంకొకాయనేమో "చెయ్యి పెడితే విలువ పోయినట్టే" అంటున్నాడు. మీరేమంటారు?

అసలు_సిసలు: ముట్టుకోకండి. 1796లో ఆంత్వాన్ ఫావ్ర్ జెనీవాలో ఉక్కు పళ్లతో స్వరం పలికించి చూపించిన తర్వాత వందేళ్ల పాటు ఈ పనంతా మనుషుల చేతుల మీదే నడిచింది. సాంత్‌క్రువాలో వేల కొద్దీ పిన్నులు రంధ్రాల్లో దూర్చింది ఎక్కువగా ఆడవాళ్లు, అదీ ఇళ్ల దగ్గర కూచుని. ఆ తర్వాత ఒక్కో పిన్నునూ పాట విరగకుండా రవ్వంత వంచి సరిచేసేవారు. ఇప్పుడు కొత్త పిన్నులు వేయడానికి యాసిడ్ పోసి అవన్నీ కరిగిస్తే మీ దగ్గర మిగిలేది పాత చెక్క, కొత్త పాట.

వరంగల్_వాచ్: అన్నా, పాడని పెట్టెను ఇంట్ల పెట్టుకొని ఏం జేస్తం? మన సాలార్‌జంగ్ మ్యూజియంల స్విస్ గడియారం జూడు. బొమ్మ బయటికొచ్చి గంట కొడుతుంటే జనం ఎగబడి చూస్తరు. దాన్ని ఆపి పెడితే ఎవడు నిలబడుతడు?

అసలు_సిసలు: అది స్విస్ కాదు తమ్ముడూ, ఇంగ్లండ్ గడియారం. కుక్ అండ్ కెల్వీ వాళ్లది. కుకూ గడియారమూ అంతే, పుట్టిల్లు జర్మనీ బ్లాక్ ఫారెస్ట్ అయితే పేరు స్విస్ వాళ్లకి.

వరంగల్_వాచ్: సరే, అది ఒప్పుకుంట. నూషటెల్ మ్యూజియంల జాకె-డ్రో అనే గడియారాలోళ్లు చేసిన యంత్రం బొమ్మలు స్విస్సే గద? 1774 నాటికే తయారైనయ్. రాసే పిల్లగాడు ఇప్పటికీ కలం సిరాల ముంచి, విదిలించి మరీ రాస్తడు. నెలల మొదటి ఆదివారం నడిపి చూపిస్తరు. ఇన్నేండ్లల్ల ఎవ్వరూ చెయ్యి పెట్టకపోతే నడుస్తుండెనా?

జూరా_కోడలు: ఇంకో మాట. 2020లో యునెస్కో జాబితాకి ఎక్కింది ఈ వస్తువులు కావు, గడియారాలూ యాంత్రిక బొమ్మలూ చేసే పనితనం. స్విట్జర్లాండ్, ఫ్రాన్స్ కలిసి అడిగాయి. ఎవరూ రిపేరుకి ఇవ్వకపోతే ఆ పని నేర్చుకునేవాళ్లు ఎక్కడ మిగులుతారు? అలాగని మా అత్తగారింట్లో ఉన్నదానికి పాలిష్ కొట్టిస్తానంటే మాత్రం నన్ను గుమ్మం దాటనివ్వరు!

గవర్నర్_రెక్క: జెనీవా గారూ, మీరు ఒక్క ముక్క అన్నారు, దాన్ని ఎవరూ పట్టించుకోలేదు. పిన్నులు "వరసగా" ఒరిగాయన్నారు కదా, అవి ఎలా ఒరిగాయో ముందు తేల్చండి.

స్ప్రింగ్ బలాన్ని అదుపులో ఉంచేది చివర్లో గిరగిరా తిరిగే చిన్న రెక్క. అది సన్నటి మరచుట్ల కడ్డీ మీద ఉంటుంది. కడ్డీ పైకొస ఒక బుల్లి రాయికి ఆనుకుని తిరుగుతుంది. ఈ భాగం మొత్తాన్నీ గవర్నర్ అంటారు. ఆ రాయి పగిలినా, చుట్లు అరిగినా, స్ప్రింగ్ నిండా ఉండగా ఎవరైనా ఆ భాగం విప్పినా, సిలిండర్ కళ్లెం తెంచుకున్న గుర్రమే. క్షణాల్లో పిన్నులు ఒరిగిపోతాయి, పళ్లు ఎగిరిపోతాయి. సేకరించేవాళ్లు దీన్ని "రన్" అంటారు. మీ పెట్టెలో చిన్నపాటి రన్ ఒకసారి జరిగి ఆగినట్టుంది. కారణం లోపలే ఉంటే రేపు పెద్దది జరుగుతుంది, అప్పుడు కాపాడుకోడానికి అసలూ ఉండదు, సిసలూ ఉండదు. కాబట్టి గవర్నర్ బాగు చేయించడంలో చర్చే లేదు.

కీచు శబ్దం రెండోది. మంద్ర స్వరాల పళ్ల కింద వెంట్రుకంత ఉక్కు తీగలుంటాయి. పిన్ను వచ్చి తగిలే ముందే ఊగుతున్న పన్నును అవి ఆపాలి. తీగ పోతే ఊగే పన్నుకి పిన్ను రాసుకుంటుంది, అదే ఆ కీచు. ఇలాగే వాడుతూ పోతే రెండూ అరుగుతాయి. ఆ తీగలు అప్పట్లోనూ అరిగేవే, మార్చేవే.

పళ్ల కొసలు వేయించవచ్చు. విరిగినచోట చీలిక కోసి, ఉక్కు ముక్క అతికి, శ్రుతి చేస్తారు. కొస దగ్గర అరగదీస్తే స్వరం పైకి, మొదట్లో అరగదీస్తే కిందికి. ఏ శ్రుతి అని ఎలా తెలుస్తుందంటారా? ఒకే స్వరం వెంటవెంటనే మోగాలని ఒకటికి రెండు మూడు పళ్లు పెడతారు, చాలాసార్లు జత పన్ను చెప్పేస్తుంది. మంద్ర స్వరాల పళ్ల అడుగున స్వరం దింపడానికి పెట్టే సీసం బరువులు తెల్లగా ఉబ్బాయేమో కూడా చూపించండి.

పిన్నుల విషయంలో అసలు_సిసలు గారితో సగమే ఏకీభవిస్తాను. పాట ఉండేది రంధ్రాల స్థానంలో, కొత్త పిన్నులూ ఆ రంధ్రాల్లోకే వెళ్తాయి. సిలిండర్ అంతా మొండిదేరితే వేయించాల్సిందే. మీకు ఒరిగింది ఒకచోటే, ఓపికున్న చెయ్యి ఒక్కొక్కటిగా నిలబెట్టగలదు. పాలిష్ వద్దు.

అసలు_సిసలు: గవర్నర్, తీగలు, కొసలు, సరే. స్థానం ఒక్కటే పాట అంటే ఒప్పుకోను. పాత చెయ్యి వంచిన వంపులోనే ఆ పాట నడక ఉంది. యాసిడ్ అంటే నాకు ఇప్పటికీ కాదనే.

జెనీవా_తెలుగు: రిపేరు చేసే ఆయన్ని మళ్లీ అడిగాను. పిన్నులు ఒక్కొక్కటిగా నిలబెట్టడం గిట్టుబాటు కాదట, మొత్తం మారిస్తేనే పని తీసుకుంటాడట. ఇంకొకరిని వెతుకుతున్నా. ఈలోగా తీసుకెళ్లేటప్పుడు ఏం జాగ్రత్త?

గవర్నర్_రెక్క: పాట మధ్యలో ఆపకండి. పాట పూర్తయితే పళ్ల ముందుకి పిన్నులు లేని ఖాళీ పట్టీ వస్తుంది, అక్కడ ఆగనివ్వండి. స్ప్రింగ్ ఖాళీ అయ్యేదాకా కొత్తగా కీ ఇవ్వకండి. అనుమానం ఉన్న గవర్నర్ కాబట్టి ఆ ఖాళీ చేసే పని కూడా కొత్త మనిషితోనే చేయించండి, ఇంటికి పిలిపించైనా సరే.

వరంగల్_వాచ్: మంచిగైనంక పాట రికార్డు జేసి ఇక్కడ పెట్టు అన్నా. కీచుది గూడ ఇప్పుడే జేసి పెట్టుకో, రెండూ ఇందాం.