సిటీ ఐ-డీఎస్ఐకి ఎనిమిది ప్లగ్గులట, వెనక నాలుగూ తీసేదెలా?

మురళీనగర్ పాత సిటీ

అందరికీ నమస్తే. నాది 2006 హోండా సిటీ, ఐ-డీఎస్ఐ అనే పెట్రోల్ ఇంజన్. పోయిన ఏడాది సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. మొదటి నుంచీ వైజాగ్ బీచ్ రోడ్డు వైపు ఒక అపార్ట్‌మెంట్ ముందు బయటే నిలబడిన బండి, కింద అక్కడక్కడా తుప్పు ఉంది, అది చూసే కొన్నాను. ఇంజన్ మాత్రం బాగుండేది. రెండు నెలల నుంచి ఏసీ వేసి ఎన్ఏడీ ఫ్లైఓవర్ ఎక్కుతుంటే మూడో గేర్‌లో ఎవరో వెనక నుంచి పట్టుకుని లాగుతున్నట్టు ఉంటోంది. ఎండాడ ఎత్తు దగ్గరా అంతే. ఖాళీగా నిలబెట్టి స్టార్ట్ చేస్తే ఏ తేడా తెలియదు, వణుకు లేదు, మీటర్‌లో ఇంజన్ లైటు వెలగలేదు. మైలేజీ మాత్రం 14 వచ్చేది, ఇప్పుడు 11 దాటడం లేదు.

తెలిసిన మెకానిక్ దగ్గరికి తీసుకెళ్తే స్పార్క్ ప్లగ్గులు (సిలిండర్‌లో పెట్రోల్‌ని వెలిగించేవి) పోయాయన్నాడు, మార్చాడు, డబ్బులిచ్చాను. తేడా అంతంత మాత్రమే. ఇంటికొచ్చి పాత ప్లగ్గుల డబ్బా తెరిస్తే నాలుగే ఉన్నాయి. ఈ ఇంజన్‌కి ఎనిమిది ఉంటాయని ఎక్కడో చదివాను కదా అని మళ్ళీ వెళ్ళి అడిగితే, "నాలుగు సిలిండర్లకి నాలుగు ప్లగ్గులు చాలు సార్, వెనకవి స్పేరు" అన్నాడు!

బోనెట్ ఎత్తి చూశాను. ముందు నాలుగూ ఎదురుగానే ఉన్నాయి. వెనకవి అద్దం కిందకి, గోడకీ ఇంజన్‌కీ మధ్య సందులో ఎక్కడో ఉన్నాయి, నా చెయ్యి మణికట్టు దాకా కూడా దూరలేదు. అవి తీయడం ఇంట్లో అయ్యే పనేనా? ప్లగ్గులతో పాటు వైర్లు కూడా మార్చాలంటున్నారు, దీనికి వైర్లు ఎక్కడున్నాయో కూడా నాకు కనపడలేదు. నా దగ్గర మామూలు టూల్ బాక్స్ ఉంది, ఓపిక ఉంది, ఆదివారాలు ఉన్నాయి.

గాజువాక గేర్‌బాక్స్

స్పేరు అన్న మాటకి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. డిక్కీలో స్టెప్నీ పెట్టినట్టు ఇంజన్‌లో స్పేరు ప్లగ్గులు పెడతారా ఎవరైనా?

సంగతేంటంటే, ఐ-డీఎస్ఐలో ఒక్కో సిలిండర్‌కి వాల్వులు రెండే, మొత్తం ఎనిమిది. అందుకే హెడ్‌లో రెండో ప్లగ్గుకి చోటు దొరికింది. రెండు ప్లగ్గులు ఎదురెదురుగా ఉంటాయి, ఇంజన్ నెమ్మదిగా తిరుగుతున్నప్పుడు ఒకటి ముందు, రెండోది రెప్పపాటు తేడాతో వెలిగిస్తాయి, స్పీడు పెరిగితే రెండూ కలిసి కొడతాయి. రెండు వైపుల నుంచి మంట మొదలైతే పెట్రోల్ త్వరగా, పూర్తిగా కాలుతుంది. ఆ బండి మైలేజీకి పేరు తెచ్చుకున్నది దీనివల్లే.

మీ మెకానిక్ తప్పించుకోగలగడం కూడా దీనివల్లే. మామూలు ఇంజన్‌లో ఒక ప్లగ్గు పోతే ఆ సిలిండర్ పనిచేయదు, బండి మొత్తం వణికి మనకి చెప్పేస్తుంది. ఇక్కడ వెనకది పోయినా ముందుది ఎలాగోలా వెలిగిస్తుంది. కాబట్టి మిస్సింగ్ కొట్టదు, బరువు పడ్డప్పుడు పికప్ తగ్గుతుంది, పెట్రోల్ ఎక్కువ తాగుతుంది. మీరు చెప్పింది అచ్చంగా అదే.

ఆయన్ని పూర్తిగా తిట్టకండి కూడా. అదే బాడీతో వీటెక్ అనే ఇంకో ఇంజన్ ఉన్న సిటీ కూడా అమ్మారు, దానికి పదహారు వాల్వులు, నాలుగే ప్లగ్గులు. అది చేసి చేసి అలవాటైన చెయ్యి అయ్యుండొచ్చు. కానీ చూసి కూడా స్పేరు అన్నాడంటే మాత్రం... సరే, వదిలేద్దాం.

ఇక వైర్ల మాట: మీ బండికి ప్లగ్ వైర్లు లేవు. ప్రతి ప్లగ్గు నెత్తిన దానికి కరెంటు ఇచ్చే కాయిల్ ఒకటి కూర్చుని ఉంటుంది, ఎనిమిది ప్లగ్గులకి ఎనిమిది కాయిల్స్. ఎవరైనా "వైర్ సెట్ మార్చాలి సార్" అంటే బండి తాళం చేతిలోకి తీసుకుని ఇంటికొచ్చేయండి.

చేతికి గ్రీజు

ఇంట్లో అవుతుంది. నేను మా బావమరిది బండికి చేశాను, మొదటిసారి కాబట్టి పొద్దున మొదలుపెడితే భోజనాల వేళ దాటింది. వివరంగా రాస్తాను, ఎందుకంటే ఇందులో ప్లగ్గు విప్పడం చిన్న పని, దాని దాకా చేరడమే అసలు పని.

ఇంజన్ పూర్తిగా చల్లారాక మొదలుపెట్టండి, రాత్రి నిలబెట్టిన బండైతే ఇంకా మంచిది. హెడ్ అల్యూమినియం, వేడి మీద ప్లగ్గు విప్పితే మరలు ప్లగ్గుతో పాటు ఊడివచ్చే ప్రమాదం ఉంది, ఒకసారి హెడ్‌లో మర పోయిందా ఆ ఖర్చు ముందు ప్లగ్గుల ఖర్చు లెక్కే కాదు. బ్యాటరీ నెగెటివ్ తీసేయండి.

వెనక ప్లగ్గులకి దారి పైనుంచే, వైపర్ల కింద ఉన్న నల్ల ప్లాస్టిక్ కవర్ తీస్తేనే చేతికి చోటొస్తుంది. వైపర్ ఆర్మ్‌లు తీసే ముందు అవి అద్దం మీద ఎక్కడ ఆగి ఉన్నాయో చూసి అక్కడ టేపు ముక్క అంటించండి, ఇది మర్చిపోవద్దు. ఆర్మ్ మొదట్లో చిన్న మూత, దాని కింద నట్టు. నట్టు వస్తుంది, ఆర్మ్ రాదు, మీది సముద్రపు గాలి తిన్న బండి కాబట్టి అసలు రాదు. తుప్పు వదిలే స్ప్రే కొట్టి, టీ తాగి వచ్చి, ఆర్మ్‌ని అటూ ఇటూ ఊపుతూ లాగండి. సుత్తి పట్టుకోవద్దు, పక్కనే అద్దం ఉంది.

కవర్‌కి ఉన్న ప్లాస్టిక్ క్లిప్పులు ఇన్నేళ్ళ ఎండకి అప్పడాల్లా అయిపోయి ఉంటాయి. రెండు మూడు విరుగుతాయి అనుకునే మొదలుపెట్టండి, ఆటోనగర్‌లో ముందే ఒక పది కొని జేబులో వేసుకోండి. కవర్ తీయగానే లోపల బాదం ఆకులు, మట్టి కనిపిస్తాయి, చేత్తో ఎత్తి పారేయండి. నీళ్ళు పోయే కన్నాలు అవి మూసేస్తే వాననీరు పొంగి ఇంజన్ వెనక పడుతుంది, వెనక ప్లగ్గుల గుంటల్లో నీళ్ళు, తుప్పు ఉంటే అదే కారణం. ఇది చాలామంది చూడరు.

తర్వాత కాయిల్స్. కనెక్టర్ లాక్ నొక్కి లాగాలి, వైరు పట్టుకుని లాగొద్దు, పాత ప్లాస్టిక్ ఒక్క దెబ్బకి విరుగుతుంది. బోల్టు తీసి కాయిల్‌ని కొంచెం తిప్పి పైకి లాగండి, లోపల రబ్బరు ప్లగ్గుకి అతుక్కుని ఉంటుంది. ఏ కాయిల్ ఎక్కడిదో మార్కర్‌తో నంబరు రాసుకోండి. ఇప్పుడు ఆగి, గుంటల్లోకి గాలి కొట్టండి. కంప్రెసర్ లేకపోతే సైకిల్ పంపు చాలు. ఆ ఇసుక, తుప్పు పొడి ప్లగ్గు తీయగానే సిలిండర్‌లోకే పోతుంది, అందుకని ముందే ఊదాలి.

ప్లగ్ పానా 16 సైజు, లోపల రబ్బరు గానీ అయస్కాంతం గానీ ఉన్నది. దానికి రెండు పొట్టి ఎక్స్‌టెన్షన్లు, మధ్యలో వంగే జాయింటు ఒకటి. పొడుగు ఎక్స్‌టెన్షన్ ఒక్కటే ఉంటే ఆ సందులో దించడానికే కుదరదు. ఇంకో మాట, పానాకీ ఎక్స్‌టెన్షన్‌కీ కలిపి టేపు చుట్టండి, ఎందుకో చుట్టకపోతే మీకే తెలుస్తుంది. విప్పేటప్పుడు బిగుసుకుంటే బలం పెట్టొద్దు, పావు చుట్టు విప్పి, కొంచెం వెనక్కి బిగించి, స్ప్రే కొట్టి, మళ్ళీ విప్పండి.

కొత్తది పెట్టేటప్పుడు పానా జోలికే పోకండి. పాత పెట్రోల్ పైపు ముక్క ఒకటి తీసుకుని ప్లగ్గు తోకకి తొడిగి, దాంతో దించి వేళ్ళతో తిప్పండి. మర సరిగ్గా పడితే సాఫీగా తిరుగుతుంది, వంకరగా పడితే పైపే జారుతుంది, హెడ్‌కి దెబ్బ తగలదు. చెయ్యి కనపడని చోట ఇంతకన్నా మంచి ఉపాయం నాకు తెలియదు. చేత్తో బిగిసే దాకా తిప్పాక పానాతో సగం చుట్టు, మహా అయితే మూడింట రెండొంతుల చుట్టు, వాషర్ నలిగితే చాలు. టార్క్ రెంచి (బిగించే బలాన్ని కొలిచే పానా) ఉంటే మాన్యువల్‌లో ఉన్న అంకె చూసి బిగించండి. మరలకి గ్రీజు పూయొద్దు, జారుడుకి మనకి తెలియకుండానే ఎక్కువ బిగిసిపోతుంది. ఏ నంబరు ప్లగ్గు అన్నది షాపువాడిని కాదు, మాన్యువల్‌ని అడగండి, గ్యాప్ (ప్లగ్గు కొసల మధ్య సందు) కూడా అందులో ఉన్నంతే ఉందో లేదో కొలిచి వేయండి.

ఎంవీపీ కాలనీ

ఇంత గొడవ దేనికి బ్రదర్. నా సన్న చేతులతో కవర్ తీయకుండానే రెండు ప్లగ్గులు మార్చాను. మూడోది మార్చేటప్పుడు వాషర్ ఎక్కడో పడిపోయింది, నాలుగోది ఇంకా అలాగే ఉంది. కాబట్టి నా మాట వినొద్దు, పై ఆయన మాట వినండి.

ఓమ్ని మావయ్య

వైర్ల మాట వచ్చింది కాబట్టి ఒక మాట, సిటీ వాళ్ళకి అవసరం లేదు గానీ పాత బండ్లవాళ్ళు చదువుతారు కదా. నాది మారుతి ఓమ్ని, ఇంజన్ ముందు సీట్ల కింద ఉంటుంది. సీటు ఎత్తితే కానీ ప్లగ్గు మొహం కనపడదు, ఏ పని చేయాలన్నా నడుం వంచి కూర్చుని గొయ్యి తవ్వినట్టే ఉంటుంది. ప్లగ్ పానా దీనికి 21.

మాకు కాయిల్ ఒక్కటే, దాని కరెంటుని వంతులవారీగా పంచే డిస్ట్రిబ్యూటర్ నుంచి మూడు ప్లగ్గులకీ వైర్లు. కొన్నాళ్ళు వానాకాలం వస్తే చాలు, పొద్దున్నే మిస్సింగ్, ఎండెక్కితే మాయం. ప్లగ్గులు రెండుసార్లు మార్చాను, లాభం లేదు. చివరికి ఒక రాత్రి కరెంటు పోయినప్పుడు సీటు ఎత్తి ఇంజన్ స్టార్ట్ చేసి చూస్తే, వైరు మీద నీలంగా మిణుగురుల్లా మెరుపులు! పైపొర చిట్లింది, తేమ పడితే కరెంటు ప్లగ్గు దాకా పోకుండా పక్కన బాడీకి దూకేస్తోంది. ఆ మెరుపు పగలు కనపడదు. చూడండి గానీ వేలు పెట్టొద్దు, గుండె జబ్బున్న వాళ్ళు దగ్గరికే వెళ్ళొద్దు, అందులో వేల వోల్టులు ఉంటాయి.

వైర్లు మార్చేటప్పుడు అన్నీ ఒకేసారి పీకేయొద్దు. ఒకటి తీయండి, అదే పొడవుది అక్కడ పెట్టండి, తర్వాత రెండోది. మా మూడు సిలిండర్లు వెలిగే వరస 1-3-2, తారుమారైతే స్టార్ట్ కాదు, లేదా సైలెన్సర్ టపాకాయలా పేలుతుంది. వైరు మధ్యలో పట్టుకుని లాగొద్దు, క్యాపు పట్టుకుని తిప్పి లాగాలి, లోపల తీగ తెగితే పైకి తెలియదు. మల్టీమీటర్ ఉంటే పాత వైర్ల రెసిస్టెన్స్ కొలిచి చూడండి, ఒకటి మిగతావాటి కన్నా బాగా ఎక్కువ చూపిస్తే దొంగ అదే.

మురళీనగర్ పాత సిటీ

పని అయింది! పోయిన ఆదివారం ఆరు గంటలు పట్టింది. వైపర్ ఆర్మ్ ఒక్కటే గంట తినేసింది. క్లిప్పులు నాలుగు విరిగాయి. ఆకులు ఒక సంచీడు వచ్చాయి, అబద్ధం కాదు.

గురువుగారు టేపు చుట్టమన్నారు కదా, మొదటి ప్లగ్గుకే చుట్టలేదు. విప్పేసి పైకి లాగితే ఎక్స్‌టెన్షన్ వచ్చింది, పానా ప్లగ్గుని కరిచిపట్టుకుని గుంటలోనే ఉండిపోయింది. ఎక్స్‌టెన్షన్ మళ్ళీ దించి తగిలించడానికే ఇరవై నిమిషాలు చెమటలు. తర్వాత మూడింటికీ చుట్టాను.

ముందువి కొత్తవి కాబట్టి పోల్చి చూడటానికి బాగా కుదిరింది. వెనకవి ఎన్నేళ్ళ నుంచి ఉన్నాయో గానీ, కొసలు అరిగిపోయి గ్యాప్ కొత్తదానికి రెట్టింపు దాకా వచ్చింది. మూడో సిలిండర్‌ది తుప్పు పట్టి ఎర్రగా ఉంది, దాని కాయిల్ రబ్బరు లోపల కూడా తెల్లగా ఉప్పు పేరినట్టు ఉంది. తుడిచి పెట్టాను, ఆ కాయిల్ మార్చాలా?

గాజువాక గేర్‌బాక్స్

అప్పుడే కొనకండి. దాన్ని మళ్ళీ తీసి రబ్బరు చిట్లిందేమో చూడండి.    రబ్బరు చిట్లి ఉంటే మాత్రం మార్చేయండి, అందులోంచి కూడా కరెంటు పక్కకి పోతుంది.

మురళీనగర్ పాత సిటీ

ఆ కవర్ మళ్ళీ తీయాలంటే ఏడుపొచ్చింది గానీ, ఈసారి గంటన్నరలో అయిపోయింది. రబ్బరు చిట్లలేదు, అదే కాయిల్ మళ్ళీ పెట్టాను. నిన్న నలుగురం ఏసీ వేసుకుని సింహాచలం కొండ ఎక్కాం, పికప్ తేడా మా అమ్మకి కూడా తెలిసింది. మైలేజీ ఫుల్ ట్యాంకు పోసి చూసి చెప్తాను. పాత ప్లగ్గులు నాలుగూ కాగితంలో చుట్టి ఆ మెకానిక్‌కి ఇచ్చాను, "స్పేరు కావాలంటే ఉంచు" అని. నవ్వాడు, ఏమీ అనలేదు.

ఒక్క సమస్య మిగిలింది. డ్రైవర్ వైపు వైపర్ ఇప్పుడు అద్దం దాటి పక్కనున్న స్తంభానికి టకటకా కొట్టుకుంటోంది. టేపు అంటించాను గురువుగారూ, ఒట్టు. శనివారం అద్దం కడుగుతూ మా ఆవిడ పీకేసింది.

చేతికి గ్రీజు

నట్టు వదులు చేసి, ఆర్మ్ ఎత్తి, అది కూర్చునే ఇరుసు పళ్ళ మీద ఒక పన్ను కిందకి జరిపి పెట్టండి. ముందు అద్దం తడిపి చూడండి, పొడి అద్దం మీద ఆగిన చోటు వేరు, తడి మీద వేరు.