వీణ తీగను గట్టిగా మీటితే శ్రుతి కూడా కొంచెం పెరుగుతుందా?

అందరికీ నమస్కారం. మా అమ్మాయి ఎనిమిదో తరగతి. ధ్వని పాఠంలో రెండు విషయాలు చదివింది: కంపన పరిమితి (ఎంత దూరం ఊగుతుందో) పెరిగితే శబ్దం పెద్దదవుతుంది, పౌనఃపున్యం (సెకనుకు ఎన్నిసార్లు కంపిస్తుందో) పెరిగితే కీచుదనం, అంటే శ్రుతి, పెరుగుతుంది. రెండూ వేర్వేరని టీచర్ చెప్పారట.

ఇంట్లో మా అత్తగారి వీణ ఉంది కాబట్టి దాని మీదే చూపించాను. సారణి తీగను (వాయించే ముఖ్యమైన తీగ) పన్నెండో మెట్టు మీద నొక్కితే మోగే పొడవు సగమై, పౌనఃపున్యం రెట్టింపై, పై షడ్జం (పై స్థాయి 'స') పలికింది. పాప ముఖం వెలిగిపోయింది! బిరడా (తీగ బిగించే మర) తిప్పి బిగించినా స్వరం పైకి వెళ్లింది. ఇంతవరకు బాగానే ఉంది.

చిక్కు ఆ తర్వాత వచ్చింది. ఫోన్‌లో ట్యూనర్ (పౌనఃపున్యం చూపే యాప్) పెట్టి, ఏ మెట్టు మీదా నొక్కకుండా ఖాళీ తీగను మెల్లగా మీటితే 165 హెర్ట్జ్ దగ్గర నిలబడింది. అదే తీగను గట్టిగా మీటితే మొదట 167 చూపించి, శబ్దం తగ్గేకొద్దీ మళ్లీ 165కి దిగింది. నాలుగైదుసార్లు చూశాం, ప్రతిసారీ అంతే. "శబ్దమే కదా పెరగాలి, శ్రుతి ఎందుకు మారింది?" అని పాప అడుగుతోంది.

తీగ ఎక్కువగా ఊగినప్పుడు కాస్త సాగి, బిగువు పెరగడం వల్లనేమో అని నా ఊహ. అది సరైనదేనా? లేక ట్యూనర్ పొరపాటా? ఫిజిక్స్ చెప్పేవాళ్లు, వీణ వాయించేవాళ్లు దయచేసి చెప్పండి. పాపకు తప్పు చెప్పడం నాకు ఇష్టం లేదు. ఇంట్లో చేసి చూడగలిగే పరీక్ష ఏదైనా ఉంటే అది కూడా రాయండి.