బగ్గీ నొగలకు చప్పుడు లేని, త్వరగా ఊడదీయగల కప్లింగ్ చేయించినవాళ్లున్నారా?

నమస్కారమండీ. మా దగ్గర పెళ్లి ఊరేగింపులకు తిప్పే నాలుగు చక్రాల బగ్గీ ఉంది. జట్కాకైతే నొగలు (గుర్రానికి రెండు పక్కలా వచ్చే పొడుగు కర్రలు) చట్రానికే బిగించి ఉంటాయి, ఈ బాధ లేదు. బగ్గీ నొగలు మాత్రం ముందు ఇరుసు దగ్గర పైకీ కిందికీ ఆడాలి. అక్కడి బోల్టు, అది దూరే ఇనప కన్ను రెండూ అరిగిపోయి రోడ్డు మీద ఒకటే గణగణ. గుర్రం బెదురుతోంది, నా బాధంతా అదే.

తోలు ముక్క చుట్టాం, వానకు నాని ఊడిపోతోంది. నట్టు గట్టిగా బిగిస్తే నొగలు ఆడవు, ప్రతి గతుకు దెబ్బా గుర్రం వీపుకే తగులుతుంది. పైగా జోడు గుర్రాలు కట్టాలంటే నొగలు తీసి పోల్ (రెండు గుర్రాల మధ్య వచ్చే ఒంటి కర్ర) తగిలించాలి, ప్రతిసారీ స్పానర్లతో కుస్తీ.

19వ శతాబ్దం చివర్లో అమెరికాలో స్ప్రింగుతో బిగిసి, చేత్తో ఊడొచ్చే కప్లింగులకు (నొగల్ని ఇరుసుకు కలిపే కీళ్లకు) చాలా పేటెంట్లు తీసుకున్నారు. అలాంటిది ఇక్కడ లేత్ షాపులో ఎవరైనా చేయించారా? కన్నులో బోల్టు చుట్టూ వేసే బుష్ నైలాన్‌ది మేలా, గన్‌మెటల్‌దా (ఒక రకం కంచు)? పిన్ను దానంతటది జారకుండా రెండో లాక్ ఎలా పెట్టించారు? జనం మధ్యలో నొగ ఊడితే ప్రాణాల మీదికొస్తుంది. దయచేసి ఫొటో గానీ, కొలతలు గానీ పెట్టండి.