జర్నీమన్ పిచర్‌ని తెలుగులో ఏమందాం?

పదాలపెట్టె:
ఎడ్విన్ జాక్సన్ మీద ఒక వ్యాసం తెలుగు చేస్తున్నాను. అమెరికా మేజర్ లీగ్ బేస్‌బాల్‌లో 14 జట్లకు ఆడిన పిచర్, అంటే బ్యాటర్‌కి బంతి విసిరేవాడు. మొదటి వాక్యంలోనే 'జర్నీమన్ పిచర్' అని ఉంది. 'నిత్య ప్రయాణికుడైన పిచర్' అంటే ఆర్టీసీ బస్ పాస్ గుర్తొస్తోంది. 'సంచార పిచర్' అంటే సంచార గ్రంథాలయం. 'దేశదిమ్మరి' సరాసరి తిట్టు. ఏమంటే బాగుంటుంది?

అచ్చుతప్పు:
ముందు ప్రయాణాన్ని పక్కన పెట్టండి. ఆ మాటలో ఉన్నది రోజు. ఫ్రెంచిలో 'జుర్' అంటే రోజు, 'జుర్నే' అంటే రోజంతా, రోజు పని. పాత యూరప్ వృత్తి సంఘాల్లో మూడు మెట్లుండేవి: పని నేర్చుకునే కుర్రాడు, నేర్చుకున్నాక రోజుకూలికి చేసేవాడు, సొంత కొట్టు పెట్టుకున్న మేస్త్రి. నడిమి మెట్టువాడే జర్నీమన్. పని వచ్చు, కొట్టు లేదు. 'జర్నలిస్టు'లోనూ ఉన్నది ఆ రోజే. 'జర్నీ' కూడా మొదట్లో ఒక రోజులో నడవగల దూరమే, మనవాళ్లు మజిలీ అన్నట్టు.

ఇంకో చిక్కుంది. ఇదే మాట వేర్వేరు చోట్ల వేర్వేరు బరువు మోస్తుంది. అమెరికాలో 'జర్నీమన్ ఎలక్ట్రీషియన్' అంటే శిక్షణ పూర్తయి లైసెన్సు వచ్చినవాడు, గౌరవమైన మాట. బాక్సింగ్‌లో అయితే డబ్బు కోసం బరిలోకి దిగి ఎక్కువసార్లు ఓడిపోయేవాడు. బేస్‌బాల్‌లో మధ్యస్థం: పని తెలిసినవాడు, తార కాదు, ఎవరికైనా పనికొస్తాడు, ఎవరూ అట్టే పెట్టుకోరు. జట్లు తిరగడమనే అర్థం 'జర్నీ' అనే చప్పుడు వల్ల దానికి మరింత అంటుకుంది.

ఎడమచేతివాటం:
రోజు అన్నారు కదా, బేస్‌బాల్‌లో ఆ లెక్క ఇప్పటికీ నడుస్తోందండీ. మేజర్ లీగ్ సర్వీసు రోజుల్లోనే లెక్క. 172 రోజులైతే ఒక ఏడాది సర్వీసు. అలాంటి ఆరేళ్లు నిండితే, ఒప్పందం లేనప్పుడు నచ్చిన జట్టుకు వెళ్లొచ్చు. 43 రోజులుంటే పింఛను హక్కు మొదలవుతుంది. జీతం కూడా రోజుల మీదే: 2025లో కనీస జీతం ఏడాదికి 7,60,000 డాలర్లు, సీజన్ 186 రోజులు. అంటే జట్టులో పేరున్న ప్రతి రోజుకూ సుమారు 4,000 డాలర్లు. కింది లీగ్‌కి దింపిన రోజు నుంచి ఆ లెక్క ఆగిపోతుంది. కూలి పెద్దదే, పద్ధతి మాత్రం రోజుకూలీదే.

కరీంనగరం:
మా దిక్కు 'జీతం ఉండుడు' అంటం. సాలుకు ఇంత అని మాట్లాడుకొని ఒకరి దగ్గర ఉంటడు, సాలు కాంగనే ఇంకొకరి దగ్గరికి పోతడు. ఏడాది ఒప్పందాల పిచర్‌కు 'జీతగాడు' దగ్గర పడుతది కదా?

అచ్చుతప్పు:
ఒప్పందం తీరు దగ్గరే. కానీ జీతగాడు, పాలేరు అనగానే అప్పు కింద కట్టుబడినవాడు కళ్ల ముందుకొస్తాడు. జర్నీమన్‌కి ఆ కట్టు లేదు, లేనిది కొట్టు మాత్రమే. 11 మిలియన్ డాలర్లకు ఏడాది ఆడిన జాక్సన్‌ని పాలేరంటే అసలు పాలేరుకి అవమానం.

కరీంనగరం:
గదీ నిజమే. మరి 'బదిలీ'?

ఎడమచేతివాటం:
'బదిలీ' నేను అనుకున్నదానికంటే బాగా అతుకుతుంది. జట్టు మారినా సర్వీసు రోజులు తెగవు, పింఛను పోదు, గవర్నమెంటు ఉద్యోగంలాగే. ట్రేడ్‌లో, అంటే జట్లు ఆటగాళ్లని ఇచ్చిపుచ్చుకున్నప్పుడు, ఒప్పందం కూడా యథాతథంగా కొత్త జట్టుకు వెళ్తుంది. అందుకే ట్రేడ్‌ని 'జట్టు మారాడు' అని రాయకండి, ఏదో తనే మారినట్టుంటుంది. 2011 జులై 27న జాక్సన్‌ని షికాగో వైట్‌సాక్స్ టొరంటోకి ఇచ్చింది, టొరంటో అదే రోజు సెయింట్ లూయిస్‌కి ఇచ్చేసింది. టొరంటో చొక్కా తొడుక్కునే వ్యవధి కూడా లేదు. ఆడలేదు కాబట్టి అప్పటి టొరంటో లెక్కలోకి రాదు. మళ్లీ 2019 మేలో అదే టొరంటోకి నిజంగా ఆడినప్పుడే అతని లెక్క 14కి చేరి, ఆక్టేవియో డోటెల్ 13 జట్ల రికార్డు పోయింది. విచిత్రమేమిటంటే 2011లో సెయింట్ లూయిస్‌కి వెళ్లిన ఆ మూటలో డోటెల్ కూడా ఉన్నాడు. ఇద్దరూ ఆ ఏడాది వరల్డ్ సిరీస్ గెలిచారు. 2025లో రిచ్ హిల్ 45 ఏళ్ల వయసులో కాన్సాస్ సిటీకి ఆడి 14ని అందుకున్నాడు.

ట్రేడ్ కాక ఇంకో దారి ఉంది, అక్కడ 'బదిలీ' పనిచేయదు. ఒక ఆటగాణ్ణి మూడు సీజన్ల వరకు కింది లీగ్‌కి స్వేచ్ఛగా పంపుకోవచ్చు. ఆ మూడూ అయిపోయాక అలా కుదరదు, ముందు మిగతా జట్లకు 'కావాలా' అని చూపించాలి. అందుకోసం జట్టు 40 మంది ఆటగాళ్ల జాబితాలోంచి తీసి పక్కన పెడతారు. ఏడు రోజుల గడువు. ఈలోగా ట్రేడ్ చేయాలి, లేదా ఎవరైనా తీసుకోవాలి, లేదా వదిలేయాలి. ఐదేళ్ల సర్వీసున్నవాడు కిందికి వెళ్లనని చెప్పినా జీతం పోదు. అందుకే పాతకాపుల్ని చాలాసార్లు వదిలేయడమే జరుగుతుంది. వదిలేశాక పాత ఒప్పందం డబ్బు పాత జట్టే కట్టాలి. కొత్త జట్టు కనీస జీతంలో మిగిలిన రోజుల వాటా ఇస్తే చాలు, అంతమేరకు పాతవాళ్ల భారం తగ్గుతుంది. అనుభవమున్న పిచర్ అంత చవగ్గా దొరికితే ఎవరు కాదంటారు? జాక్సన్‌కి షికాగో కబ్స్ నాలుగేళ్లకు 52 మిలియన్లు రాసిచ్చింది. బేస్‌బాల్‌లో గెలుపోటములు పిచర్ ఖాతాలో కూడా రాస్తారు: అతనికి 2013లో 18 ఓటములు, 2014లో 15. 2015 మధ్యలో వదిలేసింది, అట్లాంటా తీసుకుంది. ఆ తర్వాత జట్లు చకచకా పెరిగాయి.

పదాలపెట్టె:
అయితే 'సాదాసీదా పిచర్' అనేద్దామా?

ఎడమచేతివాటం:
అనకండి. అతని 20వ పుట్టినరోజున, 2003 సెప్టెంబరు 9న, మొదటి మ్యాచ్‌లోనే మేటి పిచర్ రాండీ జాన్సన్ మీద గెలిచాడు. 2010 జూన్ 25న అరిజోనా తరఫున, తన పాత జట్టు టాంపా బే మీద నో-హిటర్. అంటే బ్యాటర్ కొట్టి బేస్ చేరే హిట్ ఒక్కటీ ఇవ్వలేదు గానీ, గురితప్పిన నాలుగు బంతులకు బ్యాటర్‌కి ఊరికే బేస్ ఇచ్చే వాక్‌లు ఎనిమిది ఇచ్చాడు, అందులో ఏడు మొదటి మూడు ఇన్నింగ్స్‌లోనే. మూడో ఇన్నింగ్స్‌లో ఒక్కరూ అవుట్ కాకముందే మూడు బేస్‌లూ నిండాయి. అక్కణ్ణుంచి పరుగు రానీయకుండా బయటపడి, 149 బంతులతో 1-0గా ముగించాడు. మామూలుగా స్టార్టర్‌ని, అంటే మ్యాచ్ మొదలుపెట్టిన పిచర్‌ని, 100 దగ్గర దింపేస్తారు. మొత్తం జాతకం ఆ ఒక్క మ్యాచ్‌లో ఉంది: చేతిలో వేగం దండిగా ఉంది, బంతి చెప్పిన చోటికి వెళ్లదు. వేగం చూసి ప్రతి కోచ్ 'నేను దారిలో పెడతా' అనుకుంటాడు, వాక్‌లు చూసి వదిలేస్తాడు. చివరి లెక్క 107 గెలుపులు, 133 ఓటములు. 133 ఓడాలన్నా అన్నిసార్లు బంతి చేతికివ్వాలి కదా.

అచ్చుతప్పు:
అయితే నా ఓటు 'చేయి తిరిగిన పిచర్'. పని వచ్చినవాడని అర్థం, చేతితో బతికేవాడు కాబట్టి అతుకుతుంది, 'తిరిగిన'లో తిరుగుడూ వినిపిస్తుంది.

కరీంనగరం:
చేయి తిరిగినోడు ఎనిమిది వాక్‌లు ఇస్తడా?

అచ్చుతప్పు:
సరే, ఓడిపోయాను. మనకి ఆ నడిమి మెట్టుకి ఒక్క మాట లేదు. కుర్రాడున్నాడు, మేస్త్రి ఉన్నాడు, మధ్యవాణ్ణి 'పనివాడు' అని ఊరుకున్నాం. బహుశా అదే చాలు. 'పనివాడు' అంటే కూలివాడనీ వస్తుంది, 'వాడు పనివాడురా' అంటే మెచ్చుకోలూ వస్తుంది. తిరగడం గురించి పక్కన ఒక వాక్యం రాయండి, ఒకే మాట మీద అంత బరువు పెట్టకండి.

పదాలపెట్టె:
ఇలా రాశాను, చూడండి: "ఎడ్విన్ జాక్సన్ పనివాడైన పిచర్. పదిహేడేళ్లలో 14 జట్ల మజిలీలు చేశాడు. ఉంచుకున్నన్నాళ్లు బంతి వేశాడు, పంపేస్తే పెట్టె సర్దుకున్నాడు."

ఎడమచేతివాటం:
'మజిలీ' బాగుంది, రోజు మళ్లీ లోపలికొచ్చింది. 2003 నుంచి 2019 వరకు కాబట్టి పదిహేడూ సరే. ఒక్కటి మార్చండి. 'బంతి వేశాడు' క్రికెట్ మాట. క్రికెట్ బౌలర్ 'విసిరాడు' అంటే తప్పు పట్టినట్టు, పిచర్ చేసేది విసరడమే.

పదాలపెట్టె:
మార్చాను: "ఉంచుకున్నన్నాళ్లు విసిరాడు."