‘మెతెక్’ అన్న ఫ్రెంచి తిట్టుకి తెలుగు మాట కావాలి

మిత్రులారా, ఒక్క మాట దగ్గర రెండు రోజులుగా ఆగిపోయాను. మా ఫిల్మ్ క్లబ్బులో వచ్చే నెల ‘లా రేగ్ల్ దు జూ’ వేస్తున్నారు. ‘ఆట నియమం’ అని అర్థం. 1939 నాటి ఫ్రెంచి సినిమా, దర్శకుడు జాఁ రెన్వార్. తెలుగు సబ్‌టైటిళ్ళ పని నా నెత్తిన పడింది.

సీను ఇది. ఒక మార్కీ గారి పల్లెటూరి బంగళా. మార్కీ అంటే ఫ్రెంచి జమీందారీ బిరుదు. కింద పనివాళ్ళంతా భోజనాలకి కూచుని యజమాని గురించి గుసగుసలాడుకుంటుంటారు. ఆయన తల్లికి తండ్రి ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి దిగిన రోజెంతాల్ అనే ఆయనట, అని ఒకడు ఎత్తిపొడుస్తాడు. అంటే యూదుడని. అప్పుడు పెద్ద వంటవాడు అందుకుంటాడు. తను ఇంతకుముందు పనిచేసిన గొప్పింట్లో యూదుల గాలి కూడా సోకదు గానీ, ఆ ఇంటివాళ్ళు పందుల్లా తింటారట, అందుకే మానేశాడట. ఇక్కడి మార్కీ మాత్రం మొన్న బంగాళదుంపల సలాడ్ విషయంలో పిలిచి మరీ చీవాట్లు పెట్టాడట. దుంపలు పొగలు కక్కుతుండగానే వైట్ వైన్ పోయాలి. చేతి కింద కుర్రాడు వేళ్ళు కాలతాయని చల్లారాక పోశాడు. మార్కీ వాసన చూసి పట్టేశాడు!

ఈ మెచ్చుకోలులోనే వంటవాడు అతన్ని ‘తూ మెతెక్ కిల్ ఎ’ అంటాడు. ‘మెతెక్ అయితే అయ్యాడు గానీ’ అని. ఈ మెతెక్ దగ్గరే నా బండి ఆగింది. ‘విదేశీయుడు’ అని పెడితే పాస్‌పోర్టు ఆఫీసులా ఉంది. ‘పరాయివాడు’ మరీ మెత్తన. ఏం పెట్టమంటారు?

జవాబు, రిటైరైన తెలుగు మాస్టారు, తెనాలి:

నాయనా, మన దగ్గర రెండు సిద్ధంగా ఉన్నాయి. ఒకటి మ్లేచ్ఛుడు. మాట స్పష్టంగా పలకనివాడు, అంటే మన భాష రానివాడు. రెండోది అప్రాచ్యుడు. విడదీస్తే తూర్పుదిక్కువాడు కానివాడని తప్ప అందులో ఏ పాపమూ లేదు. కానీ మా నాన్నగారు ‘అప్రాచ్యపు వెధవా’ అన్నారంటే ఆ పూట మాకు అన్నం దిగేది కాదు. దిక్కు పేరు తిట్టుగా మారిపోయింది చూడు.

మెతెక్ కూడా అంతే. గ్రీకులో ‘మెతోయికోస్’, ఇల్లు మారినవాడు. ఏథెన్స్‌లో ఉంటూ అక్కడి పౌరుడు కానివాడు. ఏడాదికి మగవాడు 12 ద్రాఖ్మాలు (అక్కడి వెండి నాణేలు) పన్ను కట్టాలి, భూమి కొనుక్కోకూడదు, యుద్ధం వస్తే మాత్రం వెళ్ళాలి. అరిస్టాటిల్ అంతటివాడూ ఏథెన్స్‌లో మెతెక్కే. ఈ పాత మాటని 1894లో షార్ల్ మోరాస్ అనే జాతీయవాది బయటికి లాగి, ఫ్రాన్సుకి వలసొచ్చినవాళ్ళ మీద తిట్టుగా వదిలాడు. చదువుకున్న మనిషి తయారుచేసిన తిట్టు అది. 45 ఏళ్ళకి వంటింటి దాకా దిగింది.

జవాబు, కరీంనగర్ నుంచి ఒక అక్క:

మాస్టారూ, మీరు చెప్పినవి రెండూ బాగున్నయ్ గానీ, వంటాయన నోట్లె పట్టయి. మ్లేచ్ఛుడు అనే వంటాయన ఏ ఊర్లె ఉంటడు? మా దిక్కు ‘బత్కనీకొచ్చినోడు’ అంటరు. పక్క మండలం నుంచి వచ్చి కిరాణం పెట్టి, 30 ఏండ్లకు మేడ కట్టినా, పంచాయితీల మాట తేలకపోతే ఆఖరికి అదే ఇసురుతరు. ‘బత్కనీకొచ్చినోనివి, నీకెందుకు’ అని. ఇల్లు మారినోడు అన్న గ్రీకు మాటకు గింత దగ్గరిది ఇంకేముంటది తమ్మీ?

నా జవాబు:

అక్కా, దండం! మా గుంటూరు వైపు ‘బతకొచ్చినోడు’ అంటాం. తిట్టులో తిట్టు పదం ఒక్కటీ లేదు. బతకడం, రావడం, అంతే. అయినా మనిషి తల ఎత్తుకోలేడు.

జవాబు, పేరు చెప్పని సభ్యుడు:

ఇంతకీ ఆ మార్కీ వేసిందెవరు? ఎక్కడో చూసిన ముఖంలా ఉంది.

నా జవాబు:

కాస్త పొడుగవుతుంది, ఓపిక పట్టండి. పేరు మార్సెల్ దాలియో. ఫ్రెంచి సినిమాల్లో ఎంతోకాలం నలిగిన క్యారెక్టర్ ఆర్టిస్టు. అందరూ ముఖం గుర్తుపడతారు, పేరు ఎవరికీ నోటికి రాదు. పారిస్‌లోనే పుట్టాడు, అసలు పేరు ఇజ్రాయెల్ మోషే బ్లౌషిల్డ్. తల్లిదండ్రులు రొమేనియా నుంచి వచ్చిన యూదులు. అంటే అక్క చెప్పిన మాటే, బతకొచ్చినవాళ్ళు.

పైన రోజెంతాల్ అన్న పేరు వచ్చింది కదా, అది ఊరికే పెట్టింది కాదు. 1937లో ఇదే రెన్వార్ ‘లా గ్రాంద్ ఇల్యూజియోఁ’ తీసినప్పుడు దాలియో పాత్ర పేరే రోజెంతాల్. మొదటి ప్రపంచ యుద్ధంలో జర్మన్లకి చిక్కిన ఫ్రెంచి ఆఫీసరు. ఇంటి నుంచి వచ్చే తిండి పార్సిళ్ళు తోటి ఖైదీలకి పంచిపెడుతుంటాడు. నేను వియన్నాలో పుట్టాను, అమ్మ డేనిష్, నాన్న పోలిష్, ఇప్పుడు ఫ్రెంచివాళ్ళం అని చెప్పుకుంటాడు. దానికి పక్కవాడు, మారెషాల్, ‘ఓహో, పాత బ్రెటన్ జమీందారీ వంశమన్నమాట’ అని వేళాకోళమాడతాడు. ఆ సరదా తర్వాత ఎలా విరుగుతుందో చూడండి. ఇద్దరూ క్యాంపు నుంచి పారిపోతారు. చలి, ఆకలి. రోజెంతాల్ కాలు మడతపడుతుంది. తిట్టుకుంటారు, ‘యూదులంటే నాకెప్పుడూ గిట్టదు’ అని మారెషాల్ కక్కేసి వెళ్ళిపోతాడు. రోజెంతాల్ రాతి మీద కూలబడి, ఏడుపుకి బదులు, చిన్నపిల్లలు పాడే పడవ పాట గొంతు చించుకుని పాడతాడు. దూరంగా నడుస్తున్న మారెషాల్ నోటికీ అదే పాట. కాసేపటికి పాట ఆగిపోతుంది. ఫ్రేములోకి మారెషాల్ కోటు వస్తుంది. క్షమించమనడాలు లేవు. పద, పోదాం, అంతే.

రెండేళ్ళకి దాలియోకి మార్కీ వేషం ఇచ్చాడు రెన్వార్. ఈ ముఖానికి మార్కీ ఏమిటని కొందరు మండిపడ్డారు. 1939 జూలైలో సినిమా రిలీజైతే హాల్లో ఈలలు, కేకలు, అక్టోబరుకల్లా నిషేధం. ఆ సినిమాలో ఒక షాట్ ఉంది, అది చూడకపోతే దాలియోని చూడనట్టే. మార్కీకి యంత్రబొమ్మలు, పాటల పెట్టెలు సేకరించే పిచ్చి. కొత్తగా కొన్న పెద్ద ఆర్గన్‌ని అతిథులకి చూపిస్తాడు. లైట్లు వెలుగుతాయి, బొమ్మలు ఊగుతాయి. కెమెరా మెల్లగా వాటి మీదుగా జరిగి అతని దగ్గర ఆగుతుంది. అతను రుమాలుతో నుదురు, మూతి ఒత్తుకుంటుంటాడు. గర్వంతో ఉబ్బిపోతున్నాడా, సిగ్గుతో చచ్చిపోతున్నాడా చెప్పలేం. తను తీసిన షాట్లన్నిటిలో బహుశా అదే మంచిదని రెన్వారే తర్వాత అన్నాడు.

1940 జూన్‌లో జర్మన్లు పారిస్‌లోకి రాకముందే దాలియో భార్య మద్లెన్ లెబోతో బయటపడ్డాడు. లిస్బన్‌లో ఓడ ఎక్కారు. చేతిలో ఉన్న చిలీ వీసాలు దొంగవని మెక్సికోలో తేలింది. చివరికి కెనడా కాగితాలతో అమెరికా చేరారు. ఈలోగా పారిస్‌లో నాజీలు అతని ఫోటోనే పోస్టర్లకి ఎక్కించారు, యూదుడు ఎలా ఉంటాడో చూసుకోండని. తల్లిదండ్రులు నాజీ క్యాంపుల్లో పోయారు.

నువ్వు ముఖం చూసింది హాలీవుడ్ సినిమా ‘కాసాబ్లాంకా’లో అయ్యుంటుంది. రిక్ క్లబ్బులో రూలెట్ అనే జూదపు చక్రం తిప్పే ఎమిల్ అతనే. జూదం ఆడుతున్నారని కనిపెట్టి నిర్ఘాంతపోయానంటూ పోలీసాయన క్లబ్బు మూయిస్తుంటే, అప్పుడే వచ్చి ‘మీరు గెలిచిన డబ్బులండీ’ అని చేతిలో పెడతాడే, ఆ మనిషి. టైటిల్స్‌లో పేరు కూడా వెయ్యలేదు. మూడేళ్ళ కిందట రెన్వార్ సినిమాకి వెన్నెముక అయినవాడు! అదే సినిమాలో కళ్ళ నీళ్ళతో ఫ్రెంచి జాతీయగీతం పాడే అమ్మాయి మద్లెన్ లెబో. ఆ షూటింగ్ రోజుల్లోనే దాలియో విడాకులకి వేశాడు.

తర్వాత హాలీవుడ్‌లో హోటలు ఓనరు, మేజిస్ట్రేటు, ఏదో ఒక ‘ఫ్రెంచాయన’. 1954లో ‘సబ్రీనా’లో పారిస్ వంట స్కూలుకి వచ్చే ముసలి బారన్. వాసన చూసి సలాడ్ తప్పు పట్టిన మార్కీ, 15 ఏళ్ళ తర్వాత ఏప్రన్ కట్టుకుని క్లాసులో నిలబడ్డాడని నేను ఒక్కణ్ణే నవ్వుకున్నాను. చివరికి 1973లో ‘రబ్బీ జాకబ్’. రబ్బీ అంటే యూదుల మతగురువు. హీరో లూయీ ద ఫ్యునెస్, కానీ టైటిల్‌లో ఉన్న అసలు రబ్బీ దాలియో. న్యూయార్క్ నుంచి పారిస్ వచ్చిన ముసలి రబ్బీ. ఫ్రాన్సులో 70 లక్షలకి పైగా టికెట్లు తెగాయి. నాజీల పోస్టర్ మీదికెక్కిన ముఖమే అది, ఈసారి జనం డబ్బులిచ్చి చూశారు. 1983లో పోయాడు.

జవాబు, మాస్టారు:

బాగుంది నాయనా. మరి వంటవాడు చివర్లో అతన్ని ‘ఓమ్ దు మోంద్’, అంటే మర్యాద తెలిసిన పైతరగతి మనిషి, అంటాడు కదా, దానికేం పెట్టావు?

నా జవాబు:

‘పెద్దమనిషి’ అని పెట్టి తీసేశాను మాస్టారూ. మన పెద్దమనిషిలో సగం వెటకారమే వినిపిస్తుంది, వంటవాడి గొంతులో వెటకారం లేదు. ఇప్పుడు ఇలా ఉంది: ‘ఎంత బతకొచ్చినోడైనా, దొర దొరే.’

జవాబు, అక్క:

మా దిక్కు దొర అంటే గడీ యాదికొస్తది తమ్మీ. భయం పుడ్తది.

నా జవాబు:

వీళ్ళదీ గడీయే కదక్కా. పనివాళ్ళు కింద, వాళ్ళు పైన. ఉంచేస్తున్నా. కాకపోతే వరసకి 38 అక్షరాలే పడతాయంటున్నారు, బంగాళదుంపలని ఆలుగడ్డలు చేస్తే కాస్త చోటు మిగులుతుంది. అభ్యంతరం ఉంటే రాత్రిలోగా చెప్పండి.