లైబ్రరీకి వెర్షన్ నంబర్: సెమ్‌వెర్ ఆ, తేదీయా?

అర్ధరాత్రి_బిల్డ్:
మా టీమ్‌లో ఒక ఇంటర్నల్ లైబ్రరీ (వేరే టీములు తమ ప్రోగ్రాముల్లో వాడుకునే కోడ్) ఉంది, రెండేళ్ళుగా 0.9 దగ్గరే కూర్చుంది, ఇప్పుడు సెమ్‌వెర్ (మేజర్.మైనర్.ప్యాచ్ అని మూడు అంకెలు, ఏది మారిందో బట్టి మార్పు ఎంత పెద్దదో చెప్పే పద్ధతి) ప్రకారం 1.0 అనాలా లేక ఉబుంటులా తేదీ పెట్టేద్దామా అని గొడవ. నాది తేదీ వైపే. ఇది మేజరా మైనరా అని గంటసేపు కొట్టుకునే బదులు ఏడాది, నెల వేస్తే అయిపోద్ది కదా. ఉబుంటు మొదటిది 2004 అక్టోబర్‌లో వచ్చింది, 4.10 అన్నారు, ఎవడికైనా అర్థమవుద్ది.

కామా_మర్చిపోయా:
బ్రో అది ఆపరేటింగ్ సిస్టమ్, నీది లైబ్రరీ. వాడేవాడికి ఎప్పుడొచ్చిందో అనవసరం, అప్‌డేట్ కొడితే నా కోడ్ పగులుద్దా లేదా అదొక్కటే కావాలి. సెమ్‌వెర్‌లో 2.3.1 నుంచి 2.4.0 అంటే కొత్తదేదో చేర్చారు పాతది కదపలేదు, 3.0.0 అంటే చూసి దిగు. 24.04 నుంచి 24.10 అంటే ఏం తెలిసింది? పైగా తేదీలు జారతాయి, 2006 ఏప్రిల్‌ది జూన్‌కి పోయి 6.04 కావాల్సింది 6.06 అయింది.

అర్ధరాత్రి_బిల్డ్:
జారినా నంబర్ నిజమే చెప్పిందిగా 😀 సెమ్‌వెర్‌లో ఆ గ్యారంటీ ఏది? పోయిన నెల ఒక లైబ్రరీ ప్యాచ్ రిలీజ్, చివరి అంకె ఒక్కటే మారింది, ఖాళీ స్ట్రింగ్ (అక్షరాల్లేని టెక్స్ట్) ఇస్తే నల్, అంటే ఏమీ లేదని ఇచ్చేది కాస్తా ఎర్రర్ విసరడం మొదలెట్టింది. వాళ్ళకది బగ్ ఫిక్స్, మాకు శుక్రవారం సాయంత్రం గోవిందా.

పాత_కెర్నల్:
ఆ బగ్ మీద ఆధారపడింది మీరేగా బాబూ, వాళ్ళనేం అంటాం. నంబర్ వెనక మాట ఉండాలండి, లేకపోతే ఏ పద్ధతైనా ఒకటే. లినక్స్ కెర్నల్ (లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌కి గుండెకాయ) చూడండి, 2011లో 2.6.39 తర్వాత నేరుగా 3.0, లోపల పెద్ద తేడా ఏం లేదు, అంకెలు మరీ పెరిగిపోతున్నాయని దాన్ని మొదలెట్టిన టోర్వాల్డ్స్ మార్చేశారు. 4.20 తర్వాత 5.0 కూడా అంతే. అయినా అక్కడ నడుస్తుంది, ఎందుకంటే యూజర్ ప్రోగ్రాములు పగలగొట్టకూడదన్న నియమం విడిగా ఉంది. మీ టీమ్‌లో ఉందా అలాంటిది?

కోట్స్_పెట్టండ్రా:
ఏది పెట్టినా దశాంశం అనుకోకండి చాలు. పైథాన్ 3.10 వచ్చిన కొత్తలో సీఐ ఫైల్లో (కోడ్‌ని ఆటోమేటిక్‌గా టెస్ట్ చేసే సెట్టింగ్స్) కోట్స్ లేకుండా 3.10 రాశా, ఆ ఫైల్ ఫార్మాట్ యామల్ దాన్ని సంఖ్య అనుకుని 3.1 చేసేసింది, అరగంట నా కళ్ళనే అనుమానించా. తేదీ వాళ్ళకీ ఇదే గతి, 24.10 కాస్తా 24.1 అయి జనవరి రిలీజ్ అయిపోద్ది.

కామా_మర్చిపోయా:
అసలు ఎన్ని టీములు వాడుతున్నాయి అది?

అర్ధరాత్రి_బిల్డ్:
నాలుగు, అన్నీ ప్రొడక్షన్‌లోనే, అంటే అసలు యూజర్లు వాడేదాంట్లోనే.

కామా_మర్చిపోయా:
ఇంకేం, 1.0 ఎప్పుడో అయిపోయింది, మీరే ఒప్పుకోవట్లేదు. రియాక్ట్ (వెబ్ పేజీలు కట్టే లైబ్రరీ) కూడా 0.14 దాకా వచ్చి, అందరూ ప్రొడక్షన్‌లో వాడేస్తున్నారని 2016లో నేరుగా 15 అనేసింది. సున్నాతో మొదలైతే ఎప్పుడైనా ఏదైనా మార్చొచ్చని సెమ్‌వెర్‌లోనే ఉంది, అందుకే ఎన్‌పీఎంలో (జావాస్క్రిప్ట్ లైబ్రరీలు తెచ్చిపెట్టే టూల్) ^0.9.2 అంటే 0.9 లోపలే తిరుగుద్ది, ^1.2.0 అయితే 2.0 ముందు వరకూ తీసుకుంటుంది.

అర్ధరాత్రి_బిల్డ్:
అది తెలుసు బ్రో. మూడు ఫంక్షన్ల పేర్లు దరిద్రంగా ఉన్నాయి, 1.0 అంటే వాటితోనే బతకాలని భయం, అందుకే రెండేళ్ళు.

పాత_కెర్నల్:
అదీ అసలు సంగతి. మరి తేదీ పెడితే ఆ పేర్లు బాగుపడతాయా? ముందు అవి మార్చి 0.10 వదలండి, నాలుగు టీములూ సర్దుకున్నాక 1.0 సంగతి చూడొచ్చు.

కోట్స్_పెట్టండ్రా:
0.10 ని కోట్స్‌లో పెట్టండి సార్, దండం పెడతా.