అప్‌డేట్: 'నెవర్ హ్యావ్ ఐ సీన్' తప్పు కాదు

ఇంగ్లీష్‌లో 'నెవర్ హ్యావ్ ఐ సీన్' అని రాస్తే కోచింగ్‌లో సార్ తప్పని కొట్టేశారని, అది నిజంగా తప్పేనా అని పోయిన వారం ఇక్కడ అడిగాను కదా. మీరన్నదే నిజం, వాక్యం సరైనదే. నెవర్, సెల్డమ్, హార్డ్‌లీ వాక్యం మొదట్లోకి వస్తే సహాయక క్రియ (హ్యావ్, హ్యాడ్ లాంటివి) కర్తకు ముందుకు జరుగుతుంది. అది లేకపోతే కాలాన్ని బట్టి డూ, డజ్, డిడ్‌లలో ఒకటి తెచ్చుకోవాలి, అప్పుడు అసలు క్రియ మూలరూపంలోనే ఉంటుంది: 'సెల్డమ్ డిడ్ హి కమ్'.

నిన్న బెజవాడ బస్టాండులో గుంటూరు బస్సెక్కి కూర్చున్నానో లేదో, బండి కదిలింది. వెంటనే టికెట్ వెనకాల రాసుకున్నా: 'హార్డ్‌లీ హ్యాడ్ ఐ శాట్ డౌన్ వెన్ ద బస్ స్టార్టెడ్'. ఆ 'నో లేదో'కి ఇంత దగ్గరి మాట దొరికినందుకు ఎంత సంతోషమేసిందో! హార్డ్‌లీకి జతగా వెన్ రావాలి, అదే అర్థమిచ్చే నో సూనర్‌కి దాన్. ఈ జతల దగ్గరే ఇంకా టెన్షన్. సార్‌కి ఆ 'నెవర్' వాక్యం మళ్లీ చూపిస్తే ఒప్పుకుని మార్కు కలిపారు. అందరికీ థ్యాంక్స్.